దారి మీద కట్టిన కోట

పాత కోట అనగానే చాలామంది మనసులో ఒకే బొమ్మ మెదులుతుంది. కింద నది, ఒడ్డున నిటారుగా కొండ, కొండ కొమ్మున బురుజు. జర్మనీలో రైన్ నది పొడవునా నిలిచిన శిథిల దుర్గాలు ఆ బొమ్మకు ప్రాణం పోశాయి. మన దగ్గరా అలాంటివి లేకపోలేదు. భూపాలపల్లి జిల్లా మహాదేవపూర్ అడవుల్లో, కాకతీయుల కాలం నాటిదని చెప్పుకునే ప్రతాపగిరి కోట ఉంది. గోదావరి పరీవాహకంలోని ఆ అడవిలో కోట ఎందుకు కట్టారో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర లేదు. జనగామ జిల్లాకు వస్తే మాత్రం ఆ బొమ్మ పనికిరాదు. ఇక్కడ చెప్పుకోదగ్గ నది లేదు. ఉన్న నీళ్లన్నీ చెరువులవి, వాన కొడితే పారే వాగులవి.  అయినా ఈ జిల్లాలో కోటలున్నాయి. జఫర్‌గఢ్ కొండ మీద ఒకటి, స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర తాటికొండ గుట్ట మీద ఒకటి, రఘునాథపల్లి మండలం ఖిలాషాపూర్‌లో ఊళ్లోనే, ఇళ్ల నడుమ, చదును నేల మీద ఒకటి. ఈ మూడోది చూసినవాళ్లకు ఒక ప్రశ్న తప్పకుండా పుడుతుంది. వెనక కొండ అండ లేదు, చుట్టూ నది రక్షణ లేదు, దాక్కోవడానికి అడవి లేదు. ఇలాంటి చోట ఎవరైనా కోట ఎందుకు కడతారు?

మ్యాపు తీస్తే జవాబు దొరుకుతుంది. హైదరాబాద్ నుంచి భువనగిరి, ఆలేరు, జనగామ, రఘునాథపల్లి, ఘన్‌పూర్ మీదుగా వరంగల్ వెళ్లే దారికి ఈ ఊరు పక్కనే ఉంది. ఇప్పటి జాతీయ రహదారీ, సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు వేసిన రైలు పట్టాలూ దాదాపు ఆ బాటనే పట్టుకుని పోతాయి. మూడు వందల ఏళ్ల కిందట వరంగల్ తివాచీలు, వర్తకుల సొమ్ము, సర్కారు శిస్తు, బంజారాల ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు అన్నీ ఈ వైపు నుంచే కదిలేవి. ఈ మెట్టనేలలో నది చేయవలసిన పని దారి చేసింది. ఖిలాషాపూర్ కోటను ఆ దారిని పట్టుకోవడానికే కట్టారు. కట్టించినవాడు గౌడ కులంలో పుట్టిన సర్వాయి పాపన్న. ఆయన దారిదోపిడీ దొంగా, బహుజన రాజా అన్న వాదం వందేళ్లకు పైగా నలుగుతూనే ఉంది. రెండు పక్షాలూ పుస్తకాలనూ పాటలనూ సాక్ష్యం పిలుస్తాయి. ఆ గోడలను మాత్రం ఎవరూ సరిగా అడగలేదు. కోట ఎక్కడుంది, దేనితో కట్టారు, కూలగొట్టాక మళ్లీ అదే చోట ఎందుకు లేపారు అన్న మూడు సంగతులు చాలు, పాపన్న ఏం కావాలనుకున్నాడో, ఎక్కడ ఆగిపోయాడో చెప్పడానికి. నా వాదమంతా దీని మీదే నిలుస్తుంది.

ముందు సాక్షుల గురించి చెప్పాలి. పాపన్న జీవితాన్ని వివరంగా రాసిన సమకాలికుడు ఖాఫీఖాన్. మొగల్ కొలువులో ఉద్యోగి. ‘ముంతఖబ్-ఉల్-లుబాబ్’ అనే ఫార్సీ చరిత్రను పాపన్న చనిపోయిన ఇరవై ఏళ్ల తర్వాత ముగించాడు. ఆయనకు పాపన్న అంటే అసహ్యం, ఆ అసహ్యాన్ని దాచుకోడు కూడా. రెండో సాక్షి జనం పాడుకున్న కథ. దాన్ని జె. ఎ. బాయిల్ 1874లో ‘ఇండియన్ యాంటిక్వరీ’లో అచ్చు వేయించాడు. ఒకదానిలో పాపన్న నీచుడు, మరోదానిలో వీరుడు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివే పనిని 1980లో జె. ఎఫ్. రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు మొదలుపెట్టారు. 2005లో రిచర్డ్ ఈటన్ దక్కన్ సామాజిక చరిత్ర మీద రాసిన పుస్తకంలో పాపన్నకు ఒక అధ్యాయమే ఇచ్చాడు. శత్రువు రాసింది ఎలా నమ్ముతాం అని అడిగేవాళ్లుంటారు, అడగాలి కూడా. శత్రువు వేసే నిందలను తూచి తీసుకోవాలి. తన పక్షానికి నష్టం కలిగించే సంగతిని శత్రువే ఒప్పుకుంటే మాత్రం దానికి బరువు ఎక్కువ. ఖాఫీఖాన్ పుస్తకంలో అలాంటివి చాలా ఉన్నాయి. మొగల్ అధికారి లంచం తీసుకుని ముట్టడి ఎత్తేశాడని రాసిందీ, పాపన్న పొలాలు దున్నించాడని రాసిందీ, బాదుషా అతనికి ఖిల్లతు, అంటే గౌరవ వస్త్రం, ఇచ్చాడని రాసిందీ ఆయనే. ఈ వ్యాసం ఎక్కువగా ఆ ఒప్పుకోళ్ల మీదే ఆధారపడుతుంది.

1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కింది. కుతుబ్‌షాహీల కాలంలో ఊళ్లలో శిస్తు ఎత్తిన దేశ్‌ముఖులు, దేశ్‌పాండేలు, నాయకులు చాలావరకు అలాగే ఉన్నారు. పైన మాత్రం ఫౌజ్‌దార్లు, ఉత్తరాది నుంచి వచ్చిన మన్సబ్‌దార్లు కూర్చున్నారు. మరాఠాలతో తెగని యుద్ధానికి డబ్బు కావాలి, ఆ డబ్బు కొత్త సుబాల నుంచి రావాలి. శిస్తు ఒత్తిడి పెరిగింది, కాపలా సన్నగిల్లింది. ఫౌజ్‌దారు దగ్గర ఉండాల్సినంత మంది సిపాయిలు లేరు. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో మరాఠా దండులు హైదరాబాద్ దాకా వచ్చి కొల్లగొట్టాయి. సైన్యం ఉన్నవాడు శిస్తు వసూలు చేస్తాడు, శిస్తు వసూలు చేసినవాడే సర్కారు. ఈ లెక్క పల్లెటూరి మనిషికి కూడా అర్థమైపోయిన కాలం అది. కల్లు మీద పన్ను కట్టే గౌడలకు ఇంకా బాగా తెలుసు. పాపన్న ఈ కాలంలో తయారైన మనిషి. కులవృత్తి చెయ్యమని తల్లి చెబితే కాదని గోల్కొండ మీద కన్నేశాడని కథ పాడుతుంది. ఖాఫీఖాన్ అయితే సొంత అక్కచెల్లెళ్లలో డబ్బున్న ఒక వితంతువును కొట్టి, ఆమె సొమ్ముతో మనుషులను పోగేశాడంటాడు. మొదటి పెట్టుబడి ఎక్కడిది అన్న విషయంలో ఈ రెంటినీ కలపడం కుదరదు, కలపాల్సిన అవసరమూ లేదు.

మొదటి మజిలీ తాటికొండ. ఖాఫీఖాన్ రాతలో తరికొండగా కనిపించేది ఈ ఊరే. అక్కడి గుట్ట మీద మొరటుగా ఒక కోట లేపి, కింద దారిన పోయేవాళ్లను దోచేవాడని ఆయన రాస్తాడు. ఇది దొంగ పద్ధతి, ఇందులో వాదం లేదు. గుట్ట పైనుంచి దారి కనిపిస్తుంది. పైకి వచ్చేవాడు ఎవడైనా దూరం నుంచే కనిపిస్తాడు. పని చూసుకుని పైకెక్కితే పట్టుకోవడం కష్టం. ఫౌజ్‌దార్లూ జమీందార్లూ కలిసి అక్కడి నుంచి తరిమేశారు. పాపన్న పడమరగా చాలా దూరం పోయి కౌలాస్ జమీందారు వెంకట్రావు దగ్గర సర్దారుగా చేరాడు, అక్కడా దోపిడీ మానలేదు, జైల్లో పడ్డాడు. కొన్ని నెలలకు వెంకట్రావు కొడుకు జబ్బు పడితే, బిడ్డకు పుణ్యం దక్కాలని ఆ ఇంటి ఇల్లాలు ఖైదీలందరినీ వదిలిపెట్టించింది. వాళ్లలో పాపన్న ఉన్నాడు. ఈ కథలో మన ప్రశ్నకు పనికొచ్చే భాగం దీని తర్వాత మొదలవుతుంది. బయటపడ్డ మనిషి తిరిగి తన ప్రాంతానికి వచ్చాడు, కానీ తాటికొండ గుట్ట ఎక్కలేదు. కిందికి దిగి షాపూర్‌లో, అంటే నేటి ఖిలాషాపూర్‌లో, చదును మీద కోట కట్టాడు. సర్వ అనే మరో నాయకుడు అతనికి తోడయ్యాడు.

గుట్ట నుంచి చదునుకు దిగడం చిన్న విషయం కాదు. దాక్కోవాలనుకునేవాడు చదును మీద కోట కట్టడు. చదును మీద కోట నాలుగు దిక్కులా కనిపిస్తుంది, ఫిరంగి పెట్టడానికి శత్రువుకు జాగా ఇస్తుంది, ముట్టడికి వచ్చిన సైన్యానికి నీళ్లూ మేతా దొరుకుతాయి. ఇన్ని నష్టాలకు ఒప్పుకుని కట్టాడంటే వాటికి మించిన లాభం ఏదో చూశాడు. చుట్టూ పొలాలున్నాయి, ఊరుంది, సంతకు వచ్చే జనం ఉన్నారు, దారి పక్కనే ఉంది. దారిని ఒకసారి కొట్టి పారిపోవడానికి గుట్ట చాలు. దారి మీద కూర్చుని ప్రతి ఏడూ వసూలు చేసుకోవాలంటే ఊరు కావాలి. షాపూర్ కోట సాక్షిగా కనిపించేది ఈ ఆలోచన మార్పే. అతను దోపిడీ మానుకున్నాడని నేను అనడం లేదు. దోపిడీతో వచ్చినదాన్ని ఎక్కడ పెట్టాడన్నదే మారింది.

మొగలులకు కూడా ఈ తేడా అర్థమైంది. గుట్ట మీద దొంగను తరిమినప్పుడు దగ్గరలోని ఫౌజ్‌దార్లతో పని గడిచింది. షాపూర్ మీదికి మాత్రం హైదరాబాద్ నాయబ్ సుబేదారు రుస్తుం దిల్ ఖాన్ ముందు కొలనుపాక ఫౌజ్‌దారు ఖాసిం ఖాన్‌ను పంపాడు. ఆ పోరులో ఖాసిం ఖాన్ చనిపోయాడు. అప్పుడు రుస్తుం దిల్ ఖాన్ స్వయంగా వచ్చి రెండు నెలలు ముట్టడించాడు. పాపన్న, సర్వ తప్పించుకున్నారు. దొరికిన కోటను మందుగుండు పెట్టి పేల్చేసి సైన్యం వెనక్కి పోయింది. దొంగ కథైతే ఇక్కడే ముగియాలి. లేదా ఇంకో గుట్టకు మారాలి. సైన్యం కనుమరుగు కాగానే ఇద్దరూ అదే చోటికి తిరిగొచ్చి, పాత కోట స్థానంలో రాయీ సున్నంతో మరింత గట్టి కోట కట్టి, దాని మీద ఫిరంగులు బిగించారు. ఈ మాట చెప్పింది వాళ్లను మెచ్చుకునే గాయకుడు కాదు, ఖాఫీఖానే.

రాయీ సున్నమూ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. జనగామ నేలంతా నల్లరాయే, రాతికి కొదవ లేదు. చిన్నా పెద్దా రాళ్లు పేర్చి, సందుల్లో బెడ్డలు కూరి, మట్టి మెత్తి గోడ లేపడం ఈ వైపు ఏ రైతుకైనా చేతనైన పని. పొలం గట్టుకూ పశువుల దొడ్డికీ కట్టేది అలాగే. సున్నపు గోడ అలా రాదు. సున్నపు రాయిని తెప్పించి బట్టీ పెట్టి కాల్చాలి. కాలిన దాన్ని నీళ్లలో చల్లార్చి, ఇసుక కలిపి, ఎద్దు తిప్పే గానుగలో మెత్తగా నూరాలి. అది ఎండ దెబ్బకు పగుళ్లు ఇవ్వకుండా తడుపుతూ ఉండాలి. దీనికి కట్టెలు, బండ్లు, ఎడ్లు, కూలీలు, పని తెలిసిన మేస్త్రీలు కావాలి. అన్నిటికంటే ముందు నెలల తరబడి చేతిలో ఉండే వ్యవధి కావాలి. గుండ్రటి బురుజు కట్టాలంటే ఇంకొంచెం నేర్పు కావాలి, ఎందుకంటే ఒక్కో వరసలో రాయి ముఖం వంపు తిరగాలి. ఇప్పుడు ఖిలాషాపూర్‌లో చూసేవాళ్లకు కనిపించే మూల బురుజులూ మందపాటి గోడలూ ఆ పని ఎలాంటిదో చెబుతాయి. రేపు ఎక్కడుంటామో తెలియని ముఠా సున్నం నానబెట్టుకుని కూర్చోదు. మేస్త్రీకి కూలి ఇచ్చి, వచ్చే ఏడు కూడా ఇక్కడే ఉంటామని నమ్మినవాడే ఆ పని పెట్టుకుంటాడు.

ఖాఫీఖాన్ చెప్పిన మరో సంగతి దీన్ని బలపరుస్తుంది. పాపన్న బంజారాల దగ్గర పది, పన్నెండు వేల ఎడ్లను లాక్కున్నాడు. వాటిని అమ్ముకోలేదు, తినెయ్యలేదు, షాపూర్ చుట్టుపక్కల పొలాలు దున్నడానికి కట్టించాడు. ఆ అంకె పెంచి చెప్పిందే కావచ్చు. పని మాత్రం ఊహించి రాసేది కాదు, ఎందుకంటే దొంగను వర్ణించేటప్పుడు నాగళ్ల గురించి రాయాలని ఎవరికీ తోచదు. బంజారాలు ఆనాటి రవాణా వ్యవస్థ. వాళ్ల ఎడ్లను లాక్కోవడం దారి మీద నేరుగా దెబ్బ కొట్టడమే. ఆ ఎడ్లు నాగలికి ఎక్కాక మాత్రం కోటకు ధాన్యం వస్తుంది, ధాన్యం ఉంటే సిపాయిలుంటారు, పొలం దున్నినవాడికి ఆ కోట నిలవడంలో ఏదో ఒక పాలు దక్కుతుంది. దారి మీది దోపిడీని నేల మీది శిస్తుగా మార్చే ప్రయత్నం ఇది. ప్రయత్నం అంటున్నాను, సాధించాడనడం లేదు.

ఇక్కడ మొదట చెప్పిన రైన్ నదికి ఒకసారి వెళ్లిరావాలి. ఆ నది మీది కోటల్లో చాలావాటి పని ఒకటే: కిందుగా పోయే పడవలను ఆపి సుంకం వసూలు చేయడం. చక్రవర్తి అనుమతితో చేస్తే అది సుంకం, అనుమతి లేకుండా చేస్తే దోపిడీ. 1245లో కాట్జెనెల్న్‌బోగెన్ కౌంటు డీథర్ రైన్‌ఫెల్స్ కోట కట్టించి సుంకం పెంచాడు. వర్తకుల నగరాలు కూటమి కట్టి 1255–56లో ఏడాదికి పైగా ముట్టడించాయి, కోట లొంగలేదు. ఆ వంశం అక్కడే పాతుకుపోయింది, సుంకమూ సాగింది. తర్వాత పాతికేళ్లకు జర్మన్ రాజు రుడాల్ఫ్ అదే నది మీద కొందరు చిన్న నాయకుల కోటలను దొంగల స్థావరాలని చెప్పి కూల్చేయించాడు. చేసిన పనిలో పెద్ద తేడా లేదు. ఒకరి వెనక వంశం, ఒప్పందాలు, బంధుత్వాలు ఉన్నాయి, మరొకరి వెనక లేవు. కొల్లగొట్టేవాడు ఎప్పుడు దొర అవుతాడన్నది కత్తి ఒక్కటీ తేల్చదని రైన్ చరిత్ర చదివినవాళ్లకు తెలుసు. చుట్టుపక్కల దొరలు ఒప్పుకోవాలి, పై ప్రభువు కాగితం ఇవ్వాలి, ఒక తరం గడవాలి. పాపన్న దగ్గర కోట ఉంది. ఈ మూడూ లేవు.

వాటిలో ఒకటి, పై ప్రభువు కాగితం, సంపాదించడానికి మాత్రం గట్టిగానే ప్రయత్నించాడు. సర్వ, తన అనుచరుడు పుర్దిల్ ఖాన్‌తో గొడవపడి ఇద్దరూ ఒకరి చేతిలో ఒకరు చచ్చాక, పాపన్న ఒక్కడే నాయకుడయ్యాడు. 1707లో రుస్తుం దిల్ ఖాన్ మళ్లీ షాపూర్ మీదికి వచ్చి, చివరికి డబ్బు తీసుకుని తిరిగిపోయాడు. అదే ఏడు ఔరంగజేబు చనిపోయి కొడుకుల మధ్య పోరు మొదలైంది. 1708 మార్చి 31 రాత్రి, అషురాకు ముందు, ఖాఫీఖాన్ లెక్కలో రెండు మూడు వేల కాల్బలం, నాలుగైదు వందల గుర్రాలతో పాపన్న వరంగల్ మీద పడ్డాడు. కొందరు దారులు కాశారు, కొందరు తాళ్లు వేసి కోటగోడ ఎక్కారు. నగరమంతా పీర్ల సందడిలో ఉన్న వేళ. రెండు మూడు రోజులు కొల్లగొట్టారు. ఆ ఊరికి పేరు తెచ్చిన తివాచీలను కూడా వదల్లేదు. వేలమందిని, అందులో పెద్దింటి ఆడవాళ్లనూ పిల్లలనూ, షాపూర్‌కు బందీలుగా పట్టుకుపోయారు. జూన్ 1న, మిలాద్ రోజున, భువనగిరి మీద కూడా అలాంటి దాడే చేశారు. రెండూ దారికి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి ఉన్న పెద్ద కోటలు. నడుమ షాపూర్. ఈ దాడులకు బలమైన ముస్లిం వ్యతిరేకత కారణమని కొందరు అంటారు. అతని మనుషుల్లో ముస్లింలు ఉన్నారని ఖాఫీఖాన్ రాతా, జనపదమూ రెండూ చెబుతున్నప్పుడు ఆ మాట నిలవదు. పండుగ రాత్రి కాపలా పలచబడుతుంది, అంతే.

అసలైన అభ్యంతరం వేరే ఉంది, దాన్ని దాటేసి పోకూడదు. ఆడవాళ్లను ఎత్తుకుపోయినవాడిని, ఊళ్లు దోచినవాడిని పాలకుడని ఎలా అంటాం? ఆనాటి సైన్యాలన్నీ అదే చేశాయి, మరాఠాలు చేశారు, మొగలులు చేశారు అన్న జవాబు నాకు సరిపోదు. వరంగల్‌లో కూతుర్ని పోగొట్టుకున్న తల్లికి అది జవాబు కాదు. పాపన్నను ఆరాధించేవాళ్లు ఈ భాగాన్ని ఖాఫీఖాన్ కల్పన అని కొట్టిపారేయడం కూడా సరికాదు, ఎందుకంటే తర్వాత జరిగిన కథంతా ఆ బందీల చుట్టే తిరుగుతుంది. వాళ్లు లేకపోతే కోట పడిపోయిన తీరే అర్థం కాదు. నేను చెప్పేది ఒకటే: పాలకుడు కావాలని ప్రయత్నించడం వల్ల ఆ నేరాలు తగ్గవు, ఆ నేరాల వల్ల ఆ ప్రయత్నం అబద్ధమూ కాదు. రెండూ ఒకే మనిషివి, ఒకే కోటలో జరిగినవి.

1709 జనవరిలో, తమ్ముడు కాంబక్ష్‌ను హైదరాబాద్ దగ్గర ఓడించాక, బహదూర్‌షా అక్కడ దర్బారు పెట్టాడు. పాపన్న ఆ దర్బారుకు పోయి 14 లక్షల రూపాయల నజరానా, సైన్యానికి ధాన్యం సమర్పించాడు. బాదుషా ఖిల్లతు ఇచ్చాడు. ఆ రోజుకు అతను మొగల్ రాజ్యంలో కప్పం కట్టే నాయకుడు. కావలసిన కాగితం దాదాపు చేతికొచ్చింది. దాన్ని చెడగొట్టింది హైదరాబాద్, వరంగల్ పెద్దమనుషులు. వాళ్ల తరఫున షా ఇనాయత్ అనే పెద్దమనిషి వెళ్లి మొరపెట్టుకున్నాడు. తమ ఆడవాళ్లు ఇంకా షాపూర్‌లో బందీలుగా ఉన్నారన్న దుఃఖం ఒకటైతే, కల్లు గీసేవాడికి బాదుషా చేతుల మీదుగా ఖిల్లతా అన్న కోపం రెండోది. మొదటిది న్యాయం. రెండోది కులం. ఖాఫీఖాన్ రెండింటినీ ఒకే ఊపిరిలో చెబుతాడు, ఆనాటి పెద్దమనుషులకు అవి వేరు వేరు సంగతులుగా తోచలేదు. బహదూర్‌షా మాట మార్చి, పాపన్నను అణచమని కొత్త సుబేదారు యూసుఫ్ ఖాన్‌కు హుకుం ఇచ్చాడు.

కులం ఒక్కటే కారణమా? ఇక్కడ పక్కన పెట్టి చూడాల్సిన మనిషి పిడియా నాయకుడు. కృష్ణా–భీమా నదుల నడుమ వాగినగేరా కోట నుంచి ఔరంగజేబుకు నిద్ర లేకుండా చేసిన బేడర్ నాయకుడు అతను. 1705లో ముసలి బాదుషా స్వయంగా వచ్చి ముట్టడించిన చివరి కోట అదే. కోట పడింది, నాయకుడు తప్పించుకున్నాడు. అతని వంశం సురపురం రాజులుగా 1858 దాకా నిలిచింది. బేడర్లను కూడా మొగల్ రచయితలు నీచంగానే చూశారు. తేడా ఏమిటంటే బేడర్లు వేల సంఖ్యలో తుపాకీ పట్టే కులం. నాయకుడు పారిపోయినా కొత్త కోట చుట్టూ మళ్లీ పోగయ్యే బంధుబలగం వాళ్లకుంది. పాపన్న వెంట ఉన్నవాళ్లు అలా కాదు. జనం పాడిన కథలో చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, దూదేకుల, ముస్లింలు, ఎరుకల, జక్కుల, యానాది అందరూ కనిపిస్తారు. ఎరిక్ హాబ్స్‌బామ్ 1969 నాటి పుస్తకంలో చెప్పిన సామాజిక బందిపోటు లక్షణాలు చాలావరకు ఇక్కడ దొరుకుతాయి. నేడు బహుజన రాజకీయాలు పాపన్నను తలకెత్తుకోవడానికి ఈ జాబితాయే ఆధారం, ఆ గర్వంలో తప్పు లేదు. కానీ ఆ జాబితా బలంతో పాటు బలహీనతనూ చెబుతుంది. రకరకాల కులాల నుంచి ఒక్కొక్కరుగా వచ్చిన మనుషులను నిలబెట్టి ఉంచేది రక్తసంబంధం కాదు, నెలనెలా చేతికొచ్చే జీతం. చుట్టూ ఉన్న జమీందారుల్లో ఒక్క ఇల్లూ అతనితో బంధుత్వం కలపలేదు, కలిపే వీలూ లేదు. జీతం పుట్టే కోట పోతే వెనక ఆసరా ఉండదు.

అదే జరిగింది. 1709 జూన్‌లో పాపన్న పక్క జమీందారు కోటను ముట్టడించడానికి వెళ్లాడు. షాపూర్ జైల్లో ఉన్నవాళ్లలో ఒక ఫౌజ్‌దారు అతని భార్యకు అన్న. ఆమె తిండిలో ఆకురాయి పెట్టి పంపింది. ఆ ఆకురాయితో బేడీలు కోసుకుని, మిగతా బందీలను విడిపించి, వాళ్లంతా కలిసి కోటను పట్టుకున్నారు. పాపన్న తిరిగొచ్చేసరికి తాను బురుజుల మీద బిగించిన ఫిరంగులే అతని మీద పేలాయి. తన చేత్తో కట్టించిన తలుపుకు తానే నిప్పు పెట్టాల్సి వచ్చింది, అయినా లోపలికి పోలేకపోయాడు. ఈలోగా యూసుఫ్ ఖాన్ పంపిన దిలావర్ ఖాన్ సైన్యం వచ్చిపడింది. పాపన్న మళ్లీ తాటికొండ గుట్ట ఎక్కాడు. యూసుఫ్ ఖాన్ స్వయంగా దిగాడు, చుట్టుపక్కల జమీందారుల బలగాలు తోడొచ్చాయి, ముట్టడి నెలల తరబడి సాగింది. చివర్లో యూసుఫ్ ఖాన్ చేసిన పని నా వాదానికి చాలా దగ్గరగా తగులుతుంది: ఇటు వచ్చేసినవాళ్లకు రెట్టింపు జీతం అని చాటించాడు. జనం జారిపోయారు. మందుగుండు అయిపోయింది. 1710లో పాపన్న మారువేషంలో, గాయపడ్డ కాలితో బయటపడి హసనాబాద్ అనే ఊళ్లో ఒక కల్లుగీత మనిషి కంటపడి పట్టుబడ్డాడు. తల ఢిల్లీకి, మొండెం హైదరాబాద్ దర్వాజాకు పోయాయి. జనం పాట ఈ ముగింపును ఒప్పుకోదు. పాపన్న తన తల తానే కోసుకున్నాడంటుంది. జరిగినది తెలుసుకోవడానికి ఆ పాట పనికిరాదు, పట్టివ్వబడడం ఆ శ్రోతలకు ఎంత కష్టంగా ఉండేదో తెలుసుకోవడానికి పనికొస్తుంది.

ఇంకొక్క అభ్యంతరం మిగిలింది. ఇప్పుడు ఖిలాషాపూర్‌లో కనిపించేదంతా పాపన్న నాటిదేనని ఎలా చెప్పగలం? ఈ ప్రాంతంలో పాత గోడ ఎక్కడున్నా పాపన్నదే అనే అలవాటు ఉంది, అది నమ్మదగినది కాదు. నిజాం కాలంలో ఈ కోటలో మార్పులు జరిగి ఉండవచ్చు. జఫర్‌గఢ్‌ను పద్దెనిమిదో శతాబ్దంలో జాఫరుద్దౌలా పేరుతో బలపరిచినట్టు కొన్ని పాత కోటలకు ఆ రోజుల్లో కొత్త తొడుగులు వేశారు. షాపూర్ విషయంలో మాత్రం మనకు మిగతావాటికి లేని ఒక అవకాశం ఉంది. ఈ కోటను ఒకసారి మందుగుండుతో పేల్చేశారని, దాని స్థానంలో రాయీ సున్నంతో మరొకటి కట్టారని రాతపూర్వకంగా తెలుసు. అంటే గోడల అడుగున పాత కోట తాలూకు పునాది వరసలు, పేలుడుకు చెదిరిన రాయి, మట్టి కట్టుబడి ఉండాలి. పైన సున్నపు కట్టుబడి ఉండాలి. ఈ రెండు పొరలను విడదీసి చూడడం పురావస్తువాళ్లకు కష్టమైన పని కాదు. సున్నంలో ఏ ఇసుక వాడారు, గానుగ ఎక్కడ తిరిగింది, బందీలను పెట్టిన చోటేది, ధాన్యం నిల్వ చేసిన చోటేది అన్నవి నేల తవ్వితేనే తేలే సంగతులు.

అందుకే మరమ్మతుల విషయంలో నాకు పట్టుదల ఉంది. కోట చుట్టూ ఇళ్లు వచ్చాయి, గోడలు వానకు నాని కూలుతుంటాయి, కూలిన చోట పూడ్చమని ఊరివాళ్లు అడగడం సహజం. పూడ్చేటప్పుడు సిమెంటు వాడితే పాత సున్నానికి చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి పక్క రాళ్లు వదులవుతాయి. అంతకంటే పెద్ద నష్టం, పాత పొర ఏదో కొత్త పొర ఏదో ఇక ఎప్పటికీ తెలియకుండా పోతుంది. ఆగస్టు 18న ఏటా ప్రభుత్వం పాపన్న జయంతి జరుపుతోంది, విగ్రహాలకు దండలు పడుతున్నాయి. ఆ డబ్బులో కొంత తీసి, సున్నం పని తెలిసిన మేస్త్రీలను పిలిచి, కూలిన ప్రతి బురుజునూ ముందు కొలిచి, ఫొటో తీసి, పొరలు గుర్తుపెట్టి, ఆ తర్వాతే రాయి మీద రాయి పెట్టాలి. తాటికొండ గుట్ట మీది గోడలకు కూడా అదే కొలత జరగాలి, ఎందుకంటే ఆ మట్టి కట్టుబడినీ ఈ సున్నపు కట్టుబడినీ పక్కపక్కన పెడితే తప్ప గుట్ట మీది మనిషి చదునుకు దిగి ఏం చేయాలనుకున్నాడో పూర్తిగా తేలదు.